అశ్వశాలలో ప్రాతఃకాలము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము వినుటకు అంత సొంపైనది కాదు. గుఱ్ఱము యొక్క అందమును, వేగమును, విశ్వాసమును గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. అది నిలుచు నేలను గూర్చియు, పండుకొను పక్కను గూర్చియు, దినదినము ఎత్తిపోయవలసిన లద్దెను గూర్చియు చెప్పువారు అరుదు. అయినను గుఱ్ఱము జీవితములో పరుగునకు పట్టు కాలము బహు స్వల్పము. శాలలో కట్టియుంచిన గుఱ్ఱము దినమునకు 20 గంటలకు పైగా ఆ నాలుగు గోడల నడుమనే గడపును. ఆ 20 గంటలు సరిగా లేనిచో మిగిలిన నాలుగు గంటలును సరిగా ఉండవు.

“మన ఊళ్ళలో ఇప్పుడు గుఱ్ఱములు ఎక్కడ ఉన్నవి? ఈ ప్రసంగము ఎవరికొఱకు?” అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. రైలు స్టేషనుల యెదుట వరుసలు తీరిన జట్కాలు నేడు దాదాపు కనుమఱుగైనవి. కాని గుఱ్ఱము మన నడుమనుండి పూర్తిగ వెడలిపోలేదు. హైదరాబాదు మలకపేట మైదానమున పందెపు గుఱ్ఱములు కలవు. పట్టణముల శివారులలో స్వారి నేర్పు పాఠశాలలు కలవు. పెండ్లి ఊరేగింపులకు ఒకటి రెండు గుఱ్ఱములను పెంచి, వానిపై వచ్చు ఆదాయముతోనే సంసారము సాకువారు కలరు. పందెపు గుఱ్ఱమునకు వైద్యుడును, సాయిసులును ఉందురు. పెండ్లి గుఱ్ఱమునకు ఉన్నది దాని యజమాని ఒక్కడే. నా మాటలు ముఖ్యముగ అతని కొఱకు.

పశువైద్యుడుగ నేను ఉద్యోగములో చేరిన తొలి సంవత్సరములలో జరిగిన ఒక సంగతి చెప్పెదను. గోదావరి తీరమున అదొక చిన్న పట్టణము. అప్పటికి ఆటోరిక్షాలు వచ్చినవి గాని జట్కాలు ఇంకను పోలేదు. ఒకనాడు ఒక జట్కా అతను తన ఆడగుఱ్ఱమును నడిపించుకొని ఆసుపత్రికి వచ్చెను. గుఱ్ఱము వెనుక ఎడమకాలు కుంటుచున్నది. గిట్ట ఎత్తి చూచితిని. గిట్ట అడుగున నడుమ త్రికోణాకారముగ మెత్తని భాగమొకటి ఉండును. దానికి ఇరుప్రక్కల లోతైన గాడులు ఉండును. ఆ గాడులలో నల్లని జిగట చేరియున్నది. భరింపరాని దుర్వాసన కొట్టుచున్నది. గిట్ట కుళ్ళు అని నిశ్చయించి, చెడిన భాగమును కోసి శుభ్రపఱచి, మందు పూసి పంపితిని.

పది దినములకు అతడు మఱల వచ్చెను. మఱల కోసితిని, మఱల పూసితిని. మూడవమారు వచ్చునప్పటికి వెనుకకాళ్ళు రెండును కుంటుచున్నవి. “బాబూ! ఈ మందు పనిచేయటం లేదు. ఇంకో మందు రాయండి. బండి కట్టి నెల దాటింది. ఇంట్లో దాని మెడలో పుస్తె తప్ప ఇంకేమీ మిగల్లేదు” అని అతడు చెప్పెను. నేను మఱియొక మందు వ్రాసి యిచ్చితిని. ఆ మూడు మారులలో ఒక్కమారైనను “నీ గుఱ్ఱము ఎక్కడ నిలుచును?” అని అడుగవలెనను బుద్ధి నాకు పుట్టలేదు. ఆ తప్పు నాది.

నాల్గవమారు అతడు రాలేదు. మనసు ఊరుకొనక నేనే అతని ఇల్లు వెదకికొని వెళ్ళితిని. ఇంటి ప్రక్కన తాటాకు పాక, అందులో గుఱ్ఱము. దాని కాళ్ళక్రింద వరిగడ్డి పసుపు వన్నెతో మెఱయుచున్నది. చూచినవారు ఎంతో శుభ్రమైన పాక అనియే అనుకొందురు. కాని నేను వంగి లోనికి అడుగు పెట్టగనే కన్నుల నీళ్ళు తిరిగినవి. పైగడ్డిని కాలితో ప్రక్కకు తీసి చూచితిని. నేల నడుమ జానెడు లోతు గుంట. ఎన్ని దినముల మూత్రమో అందులో నిలిచియున్నది. అతడు ప్రతిదినము పైపైన క్రొత్తగడ్డి వేయుచున్నాడు. అడుగున ఏమున్నదో చూచుట లేదు. నేను పూసిన మందు గిట్టమీద ఒక గంట ఉండును. ఆ గుంట గిట్టక్రింద దినమెల్ల ఉండును. ఏది గెలుచునో చెప్పనక్కఱలేదు.

ఆ జట్కా అతని తండ్రి అరుగుమీద కూర్చుండి యుండెను. చూపు దాదాపు పోయిన వృద్ధుడు. చిన్ననాట ఒక జమీందారుగారి గుఱ్ఱపుశాలలో పనిచేసినవాడట. ఆయన నాతో ఇట్లనెను: “ఆ రోజుల్లో సాయంత్రం పక్క వేసిన తరవాత మా పెద్ద సాయిసు మమ్మల్ని తెల్లపంచెతో దానిమీద మోకాళ్ళు వేసి కూర్చోమనేవాడు బాబూ. లేచాక పంచె చూసేవాడు. తడి కనబడిందా, మళ్ళీ మొదటినుంచీ తీయించేవాడు.” ఏ పుస్తకములోను చదువని పాఠమును నేను ఆ అరుగు వద్ద నేర్చుకొంటిని. అదియే నేడు మీకు చెప్పదలచితిని.

మొదట, శుభ్రము చేయవలసినది ఎంత ఉన్నదో తెలిసికొందము. 500 కిలోల బరువుగల గుఱ్ఱము దినమునకు 15 మొదలు 20 కిలోల వఱకు లద్దె వేయును. 5 మొదలు 10 లీటర్ల వఱకు మూత్రము విడుచును. అనగా నెల తిరుగునప్పటికి తన బరువంత లద్దె దాని కాళ్ళక్రింద చేరును. జట్కాలకు కట్టెడి చిన్న జాతి గుఱ్ఱముల విషయమున, వాని బరువు తక్కువ గనుక, ఈ లెక్కయు అందుకు తగినట్లు తగ్గును. కాని సంగతి మాఱదు. ఒక్కదినము విడిచినచో మఱునాడు పని రెట్టింపగును. రెండు దినములు విడిచినచో అది త్రొక్కబడి, కలిసిపోయి, ఏది గడ్డియో ఏది లద్దెయో వేఱుచేయుటకు వీలులేక, మంచి గడ్డిని కూడ పాఱవేయవలసి వచ్చును.

కంటికి కనిపించు లద్దెకంటె, గడ్డిక్రింద దాగు మూత్రము ఎక్కువ హాని చేయును. మూత్రములోని యూరియాను లద్దెయందలి సూక్ష్మజీవులు విడగొట్టి అమ్మోనియా వాయువుగ మార్చును. మన కన్నుల నీళ్ళు తెప్పించునది అదియే. గుఱ్ఱము మనవలె నోటితో ఊపిరి పీల్చజాలదు. దానికి ముక్కే శరణ్యము. ఈ వాయువు నేలనుండి పుట్టును గనుక నేలదగ్గఱ దట్టముగ ఉండును. గుఱ్ఱము తలవంచి మేయునప్పుడును, పండుకొన్నప్పుడును దాని ముక్కు అక్కడనే ఉండును. ఊపిరి గొట్టముల లోపలిపొరపై సన్నని నూగువంటిది ఉండి, లోపలికి పోయిన దుమ్మును పైకి నెట్టుచుండును. అమ్మోనియా ఆ నూగును దెబ్బతీయును. అటుపై బూజుపట్టిన గడ్డిదుమ్ము ఊపిరితిత్తులలోనికి పోయినను అడ్డుకొనువారు లేరు. ఉబ్బసమువంటి వ్యాధి క్రమముగ పాదుకొనును. అట్టి గుఱ్ఱము ఎంత మేలుజాతిది అయినను నాలుగు అడుగులు పరుగెత్తి దగ్గుచు నిలిచిపోవును.

ఇందులో ఒక చిక్కు కలదు. దినమెల్ల శాలలో తిరుగువాని ముక్కు ఆ వాసనకు అలవాటుపడి, కొంతకాలమునకు తెలిసికొనుట మానివేయును. కాబట్టి పరీక్ష ఒకటి చెప్పెదను. ఉదయమున తలుపు తెఱచిన వెంటనే, బయటి గాలినుండి నేరుగ లోనికి పోయి, గొంతుకూర్చుండి, నేలకు ఒక అడుగు ఎత్తున ముక్కు ఉంచి ఊపిరి పీల్చి చూడుడు. ముక్కు మండినచో, ఆ రాత్రి మీ గుఱ్ఱము ఆ మంటలోనే గడపినదని గ్రహింపుడు.

ఇక గిట్ట సంగతి. గిట్ట కుళ్ళు కలిగించు సూక్ష్మజీవులు గాలి తగులని చోట, తడిలో, మురికిలో వృద్ధియగును. లద్దె గాడులలో కూరుకొనిపోయినప్పుడు వానికి కావలసినవన్నియు ఒక్కచోట దొరకును. ప్రతిదినము గిట్టలు ఎత్తి, కొక్కెముతో గాడులను గీకి శుభ్రపఱచుట, పొడినేల నిచ్చుట, ఈ రెండును చాలు. మందు మూడవది మాత్రమే.

మఱియొక సంగతి నిద్ర. గుఱ్ఱము నిలుచుండియే నిద్రించునని లోకమున అందురు. అది సగము నిజము. కాళ్ళలోని స్నాయువుల ప్రత్యేకమైన కూర్పుచేత అది నిలుచుండి కునుకు తీయగలదు. కాని నిద్రలో ఒక దశ కలదు. మనుష్యులకు కలలు వచ్చెడి దశ అది. ఆ సమయమున కండరములన్నియు సడలిపోవును గనుక గుఱ్ఱము పండుకొని తీరవలెను. దినమునకు అర్ధగంట అట్టి నిద్ర దానికి చాలును. కాని పక్క తడిగ ఉన్నను, నేల గట్టిగ తగులుచున్నను గుఱ్ఱము పండుకొనదు. ఇట్లు కొన్ని దినములు గడచినచో నిలుచున్నచోటనే తూలి ముందుకాళ్ళపై పడును. ముందుకాళ్ళ కీళ్ళపై కారణము తెలియని గాయములు మాటిమాటికి కనబడినచో, మొదట దాని పక్కను పరీక్షింపుడు.

మన పూర్వులకు ఈ సంగతులు తెలియనివి కావు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో అశ్వాధ్యక్షుని గూర్చిన అధ్యాయము ఒకటి కలదు. మైసూరున ఆర్. శామశాస్త్రిగారు 1909లో ముద్రించి లోకమునకు అందించిన గ్రంథమే యిది. ప్రతి గుఱ్ఱము నిలుచుచోట నునుపైన పలకలు పఱచిన నేల ఉండవలెననియు, మేతకు వేఱుగ స్థానము ఉండవలెననియు, మూత్రమును లద్దెయు వెడలిపోవుటకు మార్గము ఉండవలెననియు, ద్వారము తూర్పునకో ఉత్తరమునకో తిరిగియుండవలెననియు అందు చెప్పబడినది. మన తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. అశ్వశాస్త్రము మనకు క్రొత్త కాదు. కాని గుఱ్ఱమును కొనునప్పుడు సుడులు లెక్కించుట మాత్రము మనము గుర్తుంచుకొంటిమి. కొనిన తరువాత దాని కాళ్ళక్రింది నేలను చూచుట మఱచితిమి.

నేల ఎట్లుండవలెను? గిట్ట జాఱకుండ గఱుకుగ ఉండవలెను. నీరు నిలువకుండ వాలుగ ఉండవలెను. అరువది అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఉన్నచో చాలును. వాలు అంతకు మిక్కిలి హెచ్చినచో గుఱ్ఱము ఎల్లప్పుడును ఏటవాలుగ నిలువవలసి వచ్చి కాళ్ళ నరములు లాగబడును. కట్టివేయక విడిగ ఉంచు గదియైనచో పెద్ద గుఱ్ఱమునకు పొడవు 12 అడుగులు, వెడల్పు 12 అడుగులు ఉండుట మేలు. చిన్నవానికి 10 అడుగులు సరిపోవును. సిమెంటు నేల వేయలేనివారు చింతింప పనిలేదు. మొఱము పోసి, దిమ్మిసకొట్టి, గుంట పడినప్పుడెల్ల పూడ్చుకొను మట్టినేల, గుంటలు పడిన సిమెంటు నేలకంటె మేలు.

ఇప్పుడు ప్రాతఃకాలపు పనిని వరుసగ చెప్పెదను.

మొట్టమొదట గుఱ్ఱమును బయటికి తీసికొనిపోయి నీడను కట్టవలెను. దానిని లోపలనే ఉంచి గడ్డి కదలించుట తగదు. లేచిన దుమ్మంతయు అది పీల్చును. పంగలకఱ్ఱ కాలికి తగులు ప్రమాదమును కలదు. తరువాత దాణాతొట్టిని, నీళ్ళబొక్కెనను బయట పెట్టవలెను.

రెండవది, లద్దెను ఏఱివేయుట. గడ్డిని కదలింపకముందే పైన ఉన్న లద్దెను పారతోగాని చేతులతోగాని గంపలోనికి ఎత్తవలెను. ముందు గడ్డి కదలించినచో లద్దెలు విడిపోయి అడుగునకు జాఱును.

మూడవది, గడ్డిని వేఱుచేయుట. పొడిగ ఉన్నదానిని పంగలకఱ్ఱతో ఎత్తి, దులిపి, ఒక గోడవైపునకు పోగువేయవలెను. తడిసినదానిని బయటికి తీయవలెను. ఇచ్చట ఒక చిన్న మెలకువ. పోగు ప్రతిదినము ఒకే గోడవైపున వేయరాదు. నేడు తూర్పు గోడ, ఱేపు దక్షిణపు గోడ, ఇట్లు మార్చుచుండవలెను. అప్పుడు నాలుగు దినములకు ఒకమారైనను ప్రతి మూలయు చీపురునకు అందును. లేనిచో ఒక్క మూల నెలల తరబడి వెలుగు చూడకుండును. పురుగులును ఎలుకలును అక్కడనే కాపురము పెట్టును.

నాలుగవది, నేలను ఊడ్చి ఆరవిడుచుట. పసులకొట్టమును కడిగినట్లు గుఱ్ఱపుశాలను ప్రతిదినము నీళ్ళతో కడుగరాదు. నీరు ఇంకక, గాలిలో చెమ్మ హెచ్చి, గిట్టలు మెత్తబడును. ఎండ బాగుగ ఉన్న దినమున, వారమునకు ఒకమారు కడిగి, పూర్తిగ ఆరినపిదపనే పక్క వేయవలెను. మిగిలిన దినములలో చీపురే చాలును. తడిచోట పొడిమట్టియో బూడిదయో చల్లి ఊడ్చిన అది తేమను లాగుకొనును.

సున్నమును గూర్చి ఒక మాట. వాసన పోవుటకై తడిగడ్డిమీద సున్నము చల్లుట పలుచోట్ల వాడుక. అది పొరపాటు. సున్నపు క్షారగుణము మూత్రమునందలి అమ్మోనియాను ఇంకను వేగముగ గాలిలోనికి తఱిమివేయును. వాసన తగ్గుటకు మాఱుగ హెచ్చును. పైగా సున్నము గిట్టను, చర్మమును ఒఱయును. గోడలకు వెల్ల వేయుట మంచిది. నేలకు సున్నము వాడదలచినచో, ఊడ్చిన నేలమీద పలుచగ చల్లి, ఆరిన తరువాత ఊడ్చివేసి, అటుపై పక్క వేయవలెను.

ఐదవది, పక్క వేయుట. పోగువేసిన పాతగడ్డిని నడుమ పఱచి, క్రొత్తగడ్డిని దులిపి పైన వేయవలెను. గోడల వెంబడి కొంచెము ఎత్తుగ గట్టువలె వేసినచో గుఱ్ఱము పొర్లునప్పుడు గోడకు ఒరుసుకొనదు. కాళ్ళు గోడకు తన్నుకొని లేవలేక చిక్కుకొను ప్రమాదమును తగ్గును. పంగలకఱ్ఱతో గట్టిగ పొడిచినను మొన నేలకు తగులకూడదు. అంత మందము ఉండవలెను. తరువాత ఆ వృద్ధుడు చెప్పిన తెల్లపంచె పరీక్ష. మోకాళ్ళు ఆనించి కూర్చుండి లేచిన, పంచెకు తడి అంటరాదు. మోకాలికి నేల తగులరాదు.

దుమ్ము అణగుటకు అర్ధగంట విడిచి గుఱ్ఱమును లోనికి తేవలెను. మధ్యాహ్నము ఒకమారు, సాయంకాలము ఒకమారు, పడుకొనబోవు ముందు ఒకమారు లద్దెను మాత్రము ఎత్తివేసిన, మఱునాటి పని సగమగును. తీసిన తడిగడ్డిలో తక్కువ తడిసినదానిని ఎండలో పలుచగ ఆరవేసి మఱల వాడుకొనవచ్చును. ఎండకు కొదువలేని మన దేశమున ఇది చాల లాభకరమైన పద్ధతి. కొందఱు క్రిందిగడ్డిని తీయక, పై లద్దెను మాత్రము ఏఱి, క్రొత్తగడ్డి చేర్చుచు, కొన్నివారములకు ఒకమారు అంతయు తీసివేయుదురు. గాలి ధారాళముగ ఆడు పెద్దశాలలో, గడ్డి సమృద్ధిగ ఉన్నచోట, శ్రద్ధగలవారి చేతిలో అది చెల్లును. తక్కువ ఎత్తుగల పాకలో, తీరప్రాంతపు ఉక్కలో అది చెల్లదు. ఆ జట్కా అతడు తెలియకయే చేసినది అదియే.

పక్కకు ఏది మంచిది? మనకు సులభముగ దొరకునది వరిగడ్డి. మెత్తగ ఉండును; వెచ్చగ ఉండును. గుఱ్ఱము దానిని తినును గనుక బూజు లేనిదానినే వాడవలెను. ఆకలిగొన్న గుఱ్ఱము పక్కగడ్డినే ఎక్కువగ తిని కడుపు బిగిసి బాధపడవచ్చును. కాబట్టి ముందు మేత, పిమ్మట పక్క. ఱంపపుపొట్టు తేమను బాగుగ పీల్చును గాని సన్ననిదైనచో దుమ్ము లేచును. అంతకంటె చిత్రికపట్టగ వచ్చిన చెక్కతునుకలు మేలు. ఏ కలపదో తెలిసికొని తేవలెను. అమెరికాలో పెరుగు నల్ల వాల్‌నట్ చెక్కపొట్టుపై నిలిచిన గుఱ్ఱములకు గిట్టలలో తీవ్రమైన వాపు కలుగుట అక్కడి వైద్యులు ఎఱిగిన సంగతి. కొబ్బరిపొట్టు తేమను విశేషముగ లాగుకొనును. ఇసుక చల్లగ ఉండును గాని, దానిపై మేత వేయరాదు. మేతతోపాటు ఇసుక కడుపులో చేరి శూల పుట్టించును. ఏది వాడినను సూత్రము ఒక్కటియే: తడిని పీల్చవలెను, దుమ్ము లేపరాదు, తిన్నను హాని చేయరాదు.

ఇప్పుడు చాలమంది ఎఱుగని లాభమును చెప్పెదను. పక్కను ఎత్తువాడే గుఱ్ఱమునకు మొదటి వైద్యుడు. గుఱ్ఱము సాధారణముగ దినమునకు 8 మొదలు 12 మారులు లద్దె వేయును. ఉదయమున రెండో మూడో మాత్రమే కనబడి, అవియు చిన్నవిగ, గట్టిగ ఉన్నచో కడుపు బిగియుచున్నదని అర్థము. శూల మొదలిడుటకు ముందే మీరు మేల్కొనవచ్చును. లద్దెలో ఉలవలు గింజలుగనే కనబడినచో పండ్లు చూపించవలెను. గుఱ్ఱపు మూత్రము మామూలుగనే కలకగ ఉండును, దానికి భయపడనక్కఱలేదు. కాని కష్టమైన పని చేసినపిదప మూత్రము కాఫీ కషాయమువలె నల్లబడినచో గుఱ్ఱమును ఒక్క అడుగు కూడ నడిపింపక వైద్యుని పిలిపింపవలెను. పక్క అంతయు కాళ్ళతో గీరి చెల్లాచెదరైయున్నచో రాత్రి నొప్పితో పెనగులాడినదని తెలియును. పక్క వేసినది వేసినట్లే ఉన్నచో అసలు పండుకొనలేదని తెలియును. బొక్కెనలో నీరు తగ్గనిచో అదియు ఒక వార్తయే. ఈ వార్తలు చదువగలవాని చేతిలో గుఱ్ఱము సురక్షితము.

తీసినదానిని ఎక్కడ వేయవలెను? శాల వాకిట వేయరాదు. తడిసిన గడ్డియు లద్దెయు కలిసినచోటనే గుఱ్ఱపుశాలల యందలి కుట్టు ఈగ గ్రుడ్లు పెట్టును. ఇంటి ఈగ మన వేసవిలో పది దినములలోపలనే గ్రుడ్డునుండి రెక్కల ఈగయై లేచును. అందువలన వారమునకు రెండు మారులు పోగును శాలకు దూరముగ తరలించినచో వాని సంతతి తెగును. దూరమున గోతిలోగాని కుప్పగగాని వేసి, తగినంత తడి ఉంచి, పైన మట్టియో పట్టాయో కప్పి, అప్పుడప్పుడు తిరుగవేసినచో, లోపలి వేడి 55 డిగ్రీలు దాటి, ఈగ పురుగులును, గుఱ్ఱపు కడుపులోని పాముల గ్రుడ్లును నశించును. రెండు మూడు నెలలకు అది మన్నువలె మాఱి, కూరపాదులకు, పూలమొక్కలకు మంచి ఎరువగును. పచ్చిలద్దెను నేరుగ పాదులలో వేయుటకంటె ఇది ఎన్నోరెట్లు మేలు.

చివరిగ, పనిచేయు మనిషిని గూర్చి. ధనుర్వాతము కలిగించు సూక్ష్మజీవి గుఱ్ఱపు లద్దెలోను, ఆ లద్దె కలిసిన మట్టిలోను ఉండును. గుఱ్ఱమునకును మనిషికిని ఆ వ్యాధి ప్రాణాంతకము. లాడపు మేకు గ్రుచ్చుకొన్న చిన్న గాయము చాలు. కాబట్టి గుఱ్ఱమునకు టీకా వేయించు యజమాని తన సాయిసునకును వేయించవలెను. వట్టికాళ్ళతో లద్దె ఎత్తనీయరాదు. తుండుగుడ్డతో ముక్కు కట్టుకొనుమని చెప్పవలెను. పార, పంగలకఱ్ఱ, చీపురు శాలలోపల గాక బయట నిలువబెట్టవలెను. గుఱ్ఱమునకు వేలు ఖర్చుచేసి, దాని క్రింద ఊడ్చువానికి ఒక జత చెప్పులు కొనని యజమానులను నేను చూచితిని. వారి గుఱ్ఱములును ఆరోగ్యముగ ఉండగా నేను చూడలేదు.

ఆ జట్కా అతని సంగతి ఏమైనదని మీరు అడుగుదురు. ఆ సాయంకాలమే మేమిద్దఱమును కలిసి ఆ గుంటను తవ్వి, కుళ్ళిన మట్టిని పాఱబోసితిమి. మఱునాడు అతడు బండెడు మొఱము తెచ్చి పోసి, వాలుగ దిమ్మిసకొట్టి, పాక వెనుకకు ఒక కాలువ తీసెను. నా మందు అదే. నేల మాత్రము మాఱినది. ఆఱు వారములకు గుఱ్ఱము కుంటు మానినది. కాని ఆ ఆఱు వారములును, అంతకుముందు నేను మందులు మార్చుచు గడపిన నెలయు కలిసి, పెండ్లిండ్ల కాలము దాటిపోయెను. ఆ ఏడు అతడు చేసిన అప్పు తీర్చుటకు రెండేండ్లు పట్టెనని తరువాత విన్నాను. మొదటి దినముననే ఆ పాకకు నేను వెళ్ళియున్నచో ఆ అప్పు ఉండెడిది కాదు. ఆనాటినుండి కుంటు గుఱ్ఱమును ఎవరు తెచ్చినను గిట్ట ఎత్తుటకు ముందు అది నిలుచుచోటును గూర్చి అడుగుట నాకు అలవాటైనది.

ఉదయము ముప్పావుగంట, తక్కిన దినమున మూడు మారులు పది నిమిషముల చొప్పున. ఇంతే ఈ పని. దీనికి యంత్రములు అక్కఱలేదు, పెద్ద చదువులు అక్కఱలేదు. చీపురు, గంప, పంగలకఱ్ఱ, వీనితోపాటు వంగి చూచు మనస్సు ఉన్నచో చాలును. గుఱ్ఱమును పెంచు శ్రోతలు ఈ రాత్రి పక్క వేసిన తరువాత ఒకమారు మోకాళ్ళు ఆనించి చూడుడు. పంచె పొడిగ ఉన్నచో నిశ్చింతగ నిద్రింపుడు. మీ గుఱ్ఱమును నిద్రించును.

సెలవు.